పెడల్ కింది పద్దు

*అరవై ఏళ్ల వయసున్న ఎంజీబీ కారులో గేరు పడకపోతే, బిగించడానికి నట్టు కోసం వెతకడం కంటే దారిలో పోయిన మిల్లీమీటర్లను లెక్కపెట్టడం మేలు*

ఎడమ పాదం పెడల్‌ను నేలదాకా తొక్కి పట్టి ఉంటుంది. ఎడమ చేయి గేరు కర్రను రివర్సు వైపు నెట్టగానే గేరుబాక్సులోంచి కర్రుమనే చప్పుడు లేచి, కర్ర పిడికిట్లో అదురుతుంది. ఇంజిన్ ఆపి గేరు వేస్తే వెన్నలో కత్తి దిగినట్టు పడుతుంది, ఇంజిన్ నడుస్తుండగా వేస్తే మళ్లీ అదే రొద. బానెట్ ఎత్తి చూస్తే ఎక్కడా చుక్క కారిన జాడ ఉండదు, డబ్బాలో ద్రవం గీత దాకా నిండుగానే ఉంటుంది, పెడల్ కూడా పాదానికి గట్టిగానే తగులుతుంది, అయినా కారు షెడ్డులోంచి బయటికి రాదు. 1962 నుంచి 1980 వరకు ఇంగ్లండులోని ఆబింగ్‌డన్ పట్టణంలో ఐదు లక్షలకు పైగా తయారై, అధిక భాగం అమెరికాకు ఓడలెక్కిన ఎంజీబీ స్పోర్ట్స్ కార్లలో ఒకదాన్ని నేటికీ నడుపుకుంటున్న వారిలో చాలామందికి ఎప్పుడో ఒకనాడు ఎదురయ్యే ఉదయమిది.

ఎంజీ అన్న రెండక్షరాలు తెలుగు నగరాల వీధుల్లో ఇప్పుడు కామెట్, విండ్సర్ వంటి విద్యుత్ కార్ల మీద కనిపిస్తున్నాయి. వాటిలో క్లచ్ పెడల్ అన్నదే లేదు. విద్యుత్ కారు కొనాలా, ఆటోమేటిక్ కొనాలా అన్న చర్చ ఇళ్లలో సాగుతున్న ఈ రోజుల్లో, యాభై ఏళ్లు దాటిన వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధనలను కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన తరువాత, పాత కార్లను కదిలే స్థితిలో ఉంచుకోవడం మీద కూడా ఆసక్తి పెరిగింది. అయితే పాత కారు కదలడం, ఆగడం, మళ్లీ కదలడం అనే మూడు పనులకూ నడుమ నిలిచేది క్లచ్. దానిని చక్కదిద్దే విద్య మాత్రం మూడు పెడళ్ల కార్లతో పాటే పలచబడుతోంది.

కడ్డీ పోయి గొట్టం వచ్చింది

క్లచ్ అంటే తిరుగుతున్న ఇంజిన్‌ను గేరుబాక్సుతో కలిపి, అవసరమైనప్పుడు విడదీసే ఏర్పాటు. ఇంజిన్ చివర తిరిగే బరువైన చక్రాన్ని ఫ్లైవీల్ అంటారు. దానికీ, స్ప్రింగు బలంతో నొక్కే ప్రెషర్ ప్లేటుకూ మధ్య రాపిడి పూత ఉన్న క్లచ్ ప్లేటు అప్పడంలా ఇరుక్కుని ఉంటుంది. పెడల్ తొక్కినప్పుడు ఆ నొక్కుడు సడలి ప్లేటుకు అటూ ఇటూ వెంట్రుకవాసి సందు ఏర్పడుతుంది. ఆ సందు ఏర్పడితేనే గేరు చప్పుడు లేకుండా పడుతుంది.

తొలినాళ్ల కార్లలో పెడల్ లాగిన లాగుడును ఇనుప కడ్డీలో, తీగ కేబులో క్లచ్ దాకా చేరవేసేవి. ఇంజిన్‌ను రబ్బరు దిమ్మల మీద నిలబెట్టడం మొదలైన తరువాత, అది ఊగినప్పుడల్లా కడ్డీ కూడా ఊగి, క్లచ్ పట్టే వేళ కారు కుదుపులకు లోనయ్యేది. బ్రిటిష్ కంపెనీలకు దీనికి తోడు మరో చిక్కు ఉండేది: రెండో ప్రపంచయుద్ధం ముగిశాక విదేశీ మారకద్రవ్యం కోసం ఆ దేశం కార్లను పెద్ద ఎత్తున ఎగుమతి చేసింది, అమెరికాకు వెళ్లే కారులో పెడళ్లు ఎడమవైపు ఉండాలి, స్వదేశంలో అమ్మే కారులో కుడివైపు ఉండాలి. కడ్డీలైతే రెండు రకాల ఏర్పాట్లు చేయాలి, సన్నని గొట్టాన్ని మాత్రం ఎటు కావాలంటే అటు వంచుకోవచ్చు. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపిస్తుందని 17వ శతాబ్దంలో ఫ్రెంచి మేధావి బ్లేజ్ పాస్కల్ వివరించిన సూత్రం, 1795లో జోసెఫ్ బ్రామా పేటెంటు పొందిన నీటి ప్రెస్సు, 1917లో అమెరికాలో మాల్కమ్ లాక్‌హీడ్ పేటెంటు తీసుకున్న హైడ్రాలిక్ బ్రేకు మీదుగా ప్రయాణించి, ఆ విధంగా క్లచ్ పెడల్ కిందికి కూడా చేరింది.

రెండు చెంచాల ద్రవం

పెడల్‌కు తగిలించి ఉండే చిన్న పంపును మాస్టర్ సిలిండర్ అని, గేరుబాక్సు పక్కన బిగించి ఉండి ఆ ఆజ్ఞను అమలుచేసేదాన్ని స్లేవ్ సిలిండర్ అని పిలుస్తారు. మాస్టర్‌లోని పిస్టన్ ముందుకు జరిగి ద్రవాన్ని నెడితే, గొట్టం చివర స్లేవ్‌లోని పిస్టన్ బయటికి జరిగి, పుష్ రాడ్ అనే పొట్టి కడ్డీ ద్వారా ఫోర్కును తోస్తుంది. ఫోర్కు రిలీజ్ బేరింగును ప్రెషర్ ప్లేటు మధ్యలోని స్ప్రింగు వేళ్ల మీదికి అదుముతుంది.

ఎంజీబీలో మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం ముప్పావు అంగుళం, స్లేవ్ వ్యాసం అంగుళంపావు. వైశాల్యాలను పోల్చితే స్లేవ్ సుమారు 2.8 రెట్లు పెద్దది కనుక పాదం బలం అన్ని రెట్లు పెరుగుతుంది, కదలిక అన్ని రెట్లు తగ్గుతుంది. స్లేవ్ పుష్ రాడ్ అర అంగుళం, అంటే 12 మి.మీ. పైచిలుకు కదిలితే ఈ కారు క్లచ్ శుభ్రంగా విడుతుంది. అందుకు మాస్టర్ పిస్టన్ 33 మి.మీ.కు పైగా ప్రయాణించాలి. ఆ ప్రయాణంలో చోటు మారే ద్రవమంతా కలిపి తొమ్మిదిన్నర మిల్లీలీటర్లు, అంటే రెండు టీ చెంచాలకు కాస్త తక్కువ. టన్ను బరువున్న కారు నడకా, గేరుబాక్సులోని పళ్ల ఆయువూ ఈ రెండు చెంచాల మీద ఆధారపడి ఉన్నాయి.

పెడల్ కదలికను నెల జీతంగా భావిస్తే విషయం తేలికగా బోధపడుతుంది. జీతం స్థిరం, పెరిగేది కాదు. దారిలో అరిగిన పిన్ను కొంత, ఉబ్బిన రబ్బరు గొట్టం కొంత, గాలి బుడగ కొంత తినేయగా మిగిలినదే క్లచ్ చేతికి అందుతుంది. కొత్త కారులో ఈ వృథా ఖర్చు లెక్కలోకి రాదు. అరవై ఏళ్ల కారులో నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలదు.

> కొలతల్లో తేడా, పనిలో తేడా
> మాస్టర్ సిలిండర్లు బయటికి ఒకేలా కనిపించినా లోపలి వ్యాసం వేరుగా ఉండవచ్చు. ట్రయంఫ్ టీఆర్ శ్రేణి కార్లలో 0.70, 0.75 అంగుళాల రెండు రకాలూ వాడుకలో ఉన్నాయి. చిన్నదాన్ని బిగిస్తే ఒక్కో తొక్కుడుకు కదిలే ద్రవం సుమారు 13 శాతం తగ్గుతుంది. పెడల్ మెత్తబడిందని సంబరపడే లోపే గేరు గొణుగుడు మొదలవుతుంది. విడిభాగం కొనేటప్పుడు సిలిండరు ఒంటి మీద పోతపోసిన అంకెను చదవడం మంచిది.

నట్టు లేని చోట నట్టు కోసం

క్లచ్ సరిగా పనిచేయకపోతే ఎక్కడో ఒక నట్టు తిప్పి సరిచేయవచ్చన్న నమ్మకం కేబుల్ రోజుల నాటిది. ఎంజీబీలో అటువంటి నట్టు లేదు. స్లేవ్ సిలిండర్ లోపల ఉన్న బలహీనమైన స్ప్రింగు పుష్ రాడ్‌ను ఎప్పుడూ ఫోర్కుకు ఆనించి ఉంచుతుంది. క్లచ్ ప్లేటు అరిగి పలచబడే కొద్దీ ప్రెషర్ ప్లేటు ఫ్లైవీల్ వైపు జరుగుతుంది, దాని స్ప్రింగు వేళ్లు వెనక్కి వాలి రిలీజ్ బేరింగును నెడతాయి, బేరింగు ఫోర్కును, ఫోర్కు స్లేవ్ పిస్టన్‌ను లోపలికి నెడతాయి, అక్కడ చోటు చాలని ద్రవం గొట్టం వెంట పైకి పోయి డబ్బాలో చేరుతుంది. అరుగుదలకు తగ్గట్టు తనంతట తానే సర్దుకునే ఈ ఏర్పాటుకు ఒకే ఒక షరతు ఉంది: వెనక్కి వచ్చే ద్రవానికి దారి తెరిచి ఉండాలి.

ఆ దారి మాస్టర్ సిలిండర్ గోడలో సూదిమొన అంత రంధ్రం. పెడల్ వదిలినప్పుడు పిస్టన్ పూర్తిగా వెనక్కి వెళ్తే దాని రబ్బరు సీలు ఈ రంధ్రాన్ని దాటి నిలిచి డబ్బాకు దారి ఇస్తుంది. పెడల్ నుంచి వచ్చే పుష్ రాడ్‌కూ పిస్టన్‌కూ మధ్య సుమారు ఒక మిల్లీమీటరు ఖాళీ వదలాలని చెప్పడానికి కారణం ఇదే. గేరు పడటం లేదన్న ఆత్రంలో, పుష్ రాడ్ పొడవు మార్చుకునే వీలున్న కార్లలో కొందరు ఆ మిల్లీమీటరును కూడా మింగేస్తారు. మొదటి రోజు గేర్లు చక్కగా పడతాయి. ఇంజిన్ వేడెక్కి ద్రవం వ్యాకోచించినప్పుడు తిరుగుదారి మూసుకుపోయి ఉంటుంది కనుక, ఎవరూ తొక్కకుండానే గొట్టంలో ఒత్తిడి నిలిచి, క్లచ్ సగం తొక్కినట్టు ఉండిపోయి, ప్లేటు జారడం మొదలవుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ హోరు పెరిగి వేగం పెరగకపోవడం, కాలిన వాసన రావడం దీని గుర్తులు. విడవని క్లచ్‌ను బాగుచేయబోయి పట్టని క్లచ్‌ను తెచ్చుకోవడమంటే ఇదే. ఈ కార్ల మరమ్మతులో ఇంతకంటే ఖరీదైన పొరపాటు తక్కువ.

పోయిన మిల్లీమీటర్ల జాడ

తప్పు ఏ పక్క ఉన్నదో తేల్చడానికి ఖరీదైన పరికరం అవసరం లేదు, ఒక ఉక్కు స్కేలు చాలు. కారును జాకీతో లేపి, గట్టి స్టాండ్ల మీద నిలిపి, చక్రాలకు అడ్డం పెట్టిన తరువాత ఒకరు పెడల్ తొక్కుతుండగా మరొకరు కింద స్లేవ్ పుష్ రాడ్ ఎంత కదిలిందో కొలుస్తారు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరడం ప్రాణాంతకం. కదలిక అర అంగుళం ఉండి కూడా గేరు రొద చేస్తుంటే తప్పు క్లచ్ లోపలిది: తేమలో నెలల తరబడి నిలిచిన కారులో ప్లేటు ఫ్లైవీల్‌కు తుప్పుతో అతుక్కుని ఉండవచ్చు, లేదా గేరుబాక్సు షాఫ్టు గాడుల మీద జారడం మాని ఉండవచ్చు. కదలిక ఎనిమిదో తొమ్మిదో మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతే దొంగ పెడల్‌కూ స్లేవ్‌కూ మధ్యనే ఉన్నాడు.

అనుభవం ఉన్న మెకానిక్కులు మొట్టమొదట చూసేది పెడల్‌ను పుష్ రాడ్‌తో కలిపే క్లెవిస్ పిన్నును. చిటికెన వేలికంటే సన్నగా, ఎంజీబీలో ఎనిమిది మిల్లీమీటర్ల లోపు లావుతో ఉండే ఈ ఇనుప పిన్ను దశాబ్దాల తొక్కుడుకు నడుము దగ్గర అరిగి, ఊడదీసి చూస్తే నమిలిన చెరకుముక్కలా కనిపిస్తుంది. అది తిరిగే పెడల్ రంధ్రం కూడా గుండ్రదనం కోల్పోయి కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఉంటుంది. రెంటి అరుగుదలా కలిసి 3 మి.మీ. అయితే స్లేవ్ దగ్గర ఒక మిల్లీమీటరు పైచిలుకు కదలిక మాయమైనట్టే. కొత్త పిన్ను ధర కాఫీ ఖర్చుకు మించదు, పెడల్ రంధ్రాన్ని వెల్డింగుతో పూడ్చి మళ్లీ తొలిపించడం ఒక పూట పని. ఇంత చవకైన వైద్యం ఉండగా చాలామంది మాస్టర్ సిలిండరు, స్లేవ్ సిలిండరు, ఆపైన క్లచ్ మొత్తం మార్చి, చివరికి ఆ పిన్ను దగ్గరికి వస్తారు.

తరువాతి అనుమానితుడు స్లేవ్‌కు వెళ్లే రబ్బరు గొట్టం. పాతబడిన గొట్టం బయటికి నల్లగా నిగనిగలాడుతున్నా, లోపలి పొర మెత్తబడి తొక్కినప్పుడల్లా ఉబ్బి ద్రవాన్ని తనలోనే దాచుకుంటుంది. ఒక్కోసారి అదే పొర లోపలికి ఊడి కవాటంలా మారడంతో పోయిన ద్రవం తిరిగి రాదు, పెడల్ వదిలినా క్లచ్ నెమ్మదిగా, విసుగ్గా పడుతుంది.

> ‘బ్రేక్ ఆయిల్’ అన్న మాటలో ముప్పు
> తెలుగు షెడ్లలో బ్రేక్ ఆయిల్ అని పిలిచే ద్రవం నిజానికి నూనె కాదు. డాట్ 3, డాట్ 4 ద్రవాలు గ్లైకాల్ జాతి రసాయనాలు. పేరును నమ్మి ఇంజిన్ ఆయిలో, మరేదైనా ఖనిజ నూనో చెంచాడు పోసినా రబ్బరు సీళ్లు ఉబ్బి పనికిరాకుండా పోతాయి. గ్లైకాల్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమ సిలిండరు గోడను గుంటలు పడేలా తుప్పు పట్టిస్తుంది, ఆ గుంటలు కొత్త సీళ్లను కూడా కోస్తాయి. కారు రంగు మీద ఒలికితే పెయింటు పొరను లేపేస్తుంది కనుక వెంటనే నీళ్లతో కడగాలి. డాట్ 5 సిలికాన్ ద్రవం. దాన్ని మిగతావాటితో కలపకూడదు.

నట్టు ఉన్న కార్ల సంగతి

అన్ని పాత కార్లూ ఎంజీబీ తీరులో ఉండవు. 1961లో జెనీవాలో లోకం కళ్లు తిప్పుకోనివ్వకుండా చేసిన జాగ్వార్ ఈ-టైప్‌లో, తొలి ఏళ్ల స్లేవ్ సిలిండర్‌కు బయట ఒక లాగుడు స్ప్రింగు, పుష్ రాడ్ మీద లాక్ నట్టు ఉండేవి. నట్టు వదులు చేసి, రాడ్‌ను తిప్పి, ఫోర్కు దగ్గర అంగుళంలో పదహారో వంతు, అంటే 1.6 మి.మీ. ఖాళీ వచ్చేలా సవరించి మళ్లీ బిగించాలి. ప్లేటు అరిగే కొద్దీ ఆ ఖాళీ తగ్గిపోతుంది కనుక అప్పుడప్పుడూ ఈ పని తప్పదు. తరువాతి ఈ-టైప్‌లకు తనంతట తాను సర్దుకునే స్లేవ్ వచ్చింది, అందులో సవరింపు లేదు. పాత కారు చూసి కొత్త కారుకు కూడా లాగుడు స్ప్రింగు తగిలిస్తే, అది ప్రతిసారీ పిస్టన్‌ను అట్టడుగుకు లాగేసి, మొదటి సగం తొక్కుడును ఖాళీ పూడ్చడానికే ఖర్చు చేయిస్తుంది.

1959లో వచ్చిన అలెక్ ఇసిగోనిస్ సృష్టి మినీలో సవరింపు మరో రకం. అక్కడ క్లచ్ లివరుకు ఎదురుగా ఒక ఆపుడు బోల్టు ఉంటుంది. స్ప్రింగు ఊడదీసి, లివరును చేత్తో బయటికి లాగి సందును తీసేసిన తరువాత, లివరుకూ బోల్టుకూ మధ్య ఫీలర్ గేజి అనే అర మిల్లీమీటరు మందపు కొలత రేకు సరిగ్గా దూరేలా బోల్టును నిలపాలి. ట్రయంఫ్ టీఆర్6లో అయితే ఎంత సవరించినా ఫలితం లేకపోతే గేరుబాక్సు లోపల ఫోర్కును అడ్డకడ్డీకి పట్టి ఉంచే కొసకు సన్నబడే పిన్ను విరిగిందేమో అని అనుమానించడం ఆ కారును ఎరిగినవారి ఆనవాయితీ.

తెలుగు మెకానిక్కులకు ఈ బంధువర్గం పూర్తిగా పరాయిది కాదు. బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 2014 దాకా తయారైన అంబాసిడర్, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణికి మారురూపం. ఎంజీ అంటే మోరిస్ గరాజెస్, ఆ మోరిస్సూ ఈ మోరిస్సూ ఒకరే, ఆక్స్‌ఫర్డుకు చెందిన విలియం మోరిస్. దశాబ్దాల పాటు అంబాసిడర్‌ను నడిపించిన 1489 సీసీ ఇంజిన్, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజిన్ రెండూ బీ-సిరీస్ అనే ఒకే కుటుంబం బిడ్డలు. టాక్సీ స్టాండు పక్కన అంబాసిడర్ హెడ్డు దించి ఎక్కించిన చేతులకు ఎంజీబీ బానెట్ కింద కనిపించేది కొత్త లోకమేమీ కాదు.

హాఫ్ క్లచ్ మూల్యం

ఎంజీబీలో రిలీజ్ బేరింగు అన్న పేరే గానీ అందులో ఉక్కు గుండ్లు లేవు. అది ఇనుప గిన్నెలో బిగించిన నల్లని కార్బన్ ఉంగరం. పెడల్ తొక్కినంతసేపూ అది తిరుగుతున్న ఉక్కు మీద పలక మీది బలపంలా అరుగుతూనే ఉంటుంది. సిగ్నలు దగ్గర గేరు తీయకుండా పెడల్ తొక్కి నిలబడటం, నడుస్తున్నంతసేపూ పాదాన్ని పెడల్ మీద ఆనించి ఉంచడం, మన డ్రైవర్లు హాఫ్ క్లచ్ అని పిలుచుకునే ఆ నడక, ఇవన్నీ ఆ ఉంగరం ఆయువును తినేస్తాయి. దాన్ని మార్చాలంటే ఈ కారులో ఇంజిన్‌ను బయటికి ఎత్తక తప్పదు. చేతిలో ఇమిడే కార్బన్ ముక్క కోసం గొలుసు, కప్పీ, ఇద్దరు మనుషులు, రెండు రోజులు.

> ప్లేటు దుమ్ము ఊదవద్దు
> పాత క్లచ్ ప్లేట్ల రాపిడి పూతలో ఆస్‌బెస్టాస్ నారను విరివిగా వాడేవారు. దాని ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే దశాబ్దాల తరువాత క్యాన్సరుగా బయటపడవచ్చు. బ్రిటన్ 1999లో దీని వాడకాన్ని పూర్తిగా నిషేధించింది. ఎప్పటిదో తెలియని క్లచ్ విప్పినప్పుడు గాలి పైపుతో దుమ్ము ఊదడం షెడ్లలో మామూలే గానీ అది చేయకూడని పని. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటగట్టి పారేయాలి.

తొక్కు, పట్టు, వదులు

పిన్ను మార్చినా, గొట్టం మార్చినా, సిలిండరు విప్పినా చివరికి గాలి తీయాల్సిందే. ద్రవం నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. ఒక మిల్లీలీటరు గాలి బుడగ చిక్కుకుంటే స్లేవ్ దగ్గర 1.2 మి.మీ. కదలిక గల్లంతవుతుంది. ఈ పని ఇద్దరిది. ఒకరు సీటులో, తరచుగా ఇల్లాలో పదేళ్ల పిల్లవాడో, షెడ్డులో అయితే పని నేర్చుకుంటున్న కుర్రవాడు. మరొకరు కారు కింద వెల్లకిలా, చేతిలో చిన్న పానా, గాలి బయటికి వదిలే స్లేవ్ నిపిల్‌కు తొడిగిన పారదర్శకమైన గొట్టం, దాని రెండో కొస సీసాలోని ద్రవంలో మునిగి ఉంటుంది. కిందినుంచి తొక్కు అన్న మాట వినగానే పెడల్ దిగాలి, పట్టు అంటే అక్కడే నిలవాలి, నిపిల్ మూసిన తరువాతే వదులు అన్న మాట రావాలి. మూడో మాట ముందుగా వచ్చినా, పాదం ముందుగా లేచినా వ్యవస్థ కొత్త గాలిని పీల్చుకుంటుంది. ఇంటింటా చిన్న చిన్న కలహాలకు ఈ మూడు మాటలు కారణమయ్యాయంటే అతిశయోక్తి కాదు.

ఎంజీబీ గొట్టం పైకీ కిందికీ వంపులు తిరుగుతుంది, బుడగలు సహజంగా పైకే పోతాయి, మామూలు పద్ధతిలో వాటిని కిందికి తోయవలసి వస్తుంది. ఈ ఎదురీత తప్పించడానికి ద్రవాన్ని స్లేవ్ నిపిల్ నుంచి పైకి, డబ్బాలోకి నెట్టే పద్ధతి ఉంది. ఇందుకు కొందరు ముందు చక్రపు బ్రేకు నిపిల్‌ను చిన్న గొట్టంతో స్లేవ్ నిపిల్‌కు కలిపి, బ్రేకు పెడల్ తొక్కుతూ బ్రేకు ద్రవాన్నే క్లచ్‌లోకి పంపిస్తారు. ఉపాయం బాగా పనిచేస్తుంది, అయితే రెండు వ్యవస్థల్లోనూ ఒకే రకం శుభ్రమైన ద్రవం ఉండాలి, క్లచ్ డబ్బా పొంగి రంగు మీద పడకుండా ఒకరు కనిపెట్టుకుని ఉండాలి, పని ముగిశాక బ్రేకులను విడిగా పరీక్షించాలి.

ఆ తరువాత ఉక్కు స్కేలు మళ్లీ బయటికి వస్తుంది. పుష్ రాడ్ 12 మి.మీ. దాటి కదిలితే ఇంజిన్ నడిపి, పెడల్ తొక్కి, ఐదారు సెకన్లు ఆగి రివర్సు వేయాలి. రివర్సుకు సింక్రోమెష్, అంటే పళ్ల వేగాలను సమం చేసే ఏర్పాటు, ఉండదు కనుక ప్లేటు ఇంకా ఏ మాత్రం తిరుగుతున్నా ఆ గేరు దాచదు. పరీక్ష నెగ్గినా ఒక పని మిగులుతుంది: మాస్టర్ సిలిండర్ వెనుక సీలు కారితే ఆ ద్రవం నేల మీద కాక పెడల్ మీదుగా కారు లోపలికే జారుతుంది. అందుకని మర్నాడు ఉదయం తాళం తిప్పే ముందు, పెడల్ చేతి మీదా దాని కింది కార్పెట్ మీదా వేళ్లతో తడిమి, జిగట తగులుతుందేమో చూసుకోవాలి.